చిత్త కార్తె ఆదివారం

కాలికి సిమెంటు కట్టుతో
మడత కుర్చీలో కూర్చోని
పెరడంతా తిరగతా ఉంది చెంచురత్నం
నా కాళ్లతో.

"ముందు ఆ మునగ సంగతి చూడు."

వాయుగుండమంట.
తుమ్మలపెంటకి ఎదురుగా నడిసముద్రంలో
ఎటు పోవాలా అని
ఆలోచిస్తా ఉందంట.
మునగది ఉత్త బెండు ఒళ్లు,
గాలి గట్టిగా అడిగితే కాదనలేదు.
విరిగితే ఖాజాబీ వాళ్ల రేకుల మీదే.
నిచ్చెన వేసి కొడవలి పట్టాను.
కొమ్మ పడినప్పుడల్లా
గోడ అవతల నుంచి ఖాజాబీ
"ఆకు నాకు" అంటుంది.
గొంగళి పురుగులు నాకు.

ముప్ఫై ఒక్క ఏళ్లు కావలి డిపోలో చేశాను.
గేటు దాటకముందే
దగ్గు విని ఏ బండో చెప్పేవాణ్ణి.
ఈ పెరట్లో ఎవరు దగ్గుతున్నారో
ఎవరికి దాహమో
నాకు తెలీదు.
ఇన్నాళ్లూ ఇది
స్నానాల గదికి పోయే పచ్చటి దోవ, అంతే.

చిక్కుడు పందిరి ఒక పక్కకి ఒరిగింది.
క్లచ్ వైరుతో బిగించాను.
"తీగకి తీగ కట్టినావా" అని నవ్వింది.
ముదిరిన బీరకాయ కోయబోతే
"ఆగు, ఊపి చూడు" అంది.
లోపల గలగల.
ట్యాపెట్లు లూజైన ఇంజను మాదిరి.
"అదే. ఆ మోత వచ్చిందంటే విత్తనం సిద్ధం."
తీసుకుపోయి వంటింటి చూరుకి వేలాడదీశాను.

పాత టైర్లు నేను తెచ్చినవే,
ఎప్పటికన్నా పనికొస్తాయని.
వాటి నీళ్లలో తోక పురుగులు
మొత్తం వీధికి సరిపడా.
ఒక్కోటి దొర్లించుకుంటా బయటికి పంపాను.
ఇటుకల దొంతర కింద
ఒక మండ్రగబ్బ
నన్ను చూసి కొండి ఎత్తి,
తర్వాత ఎందుకో దించుకుంది.

బోరింగు చప్టా మీది నాచు గీకమని
తను చెప్పలేదు.
నేనే గీకాను.
బ్లీచింగు చల్లి, కొబ్బరి పీచు పట్టి,
మోకాళ్ల మీద.
పోయిన నెల "రేపు చేస్తాలే" అన్న పని.
ఆ సేపంతా చెంచురత్నం
కాకరపాదు వైపు చూస్తా కూర్చుంది.

తూము దగ్గర వయ్యారిభామ కనపడింది.
ఈ పెరట్లో పేరు తెలిసిన శత్రువు
ఒకటన్నా దొరికిందని
ఉషారుగా లాగాను.
ఒకటి. రెండు. మూడు.
నాలుగోదాని మీద చెయ్యి వేసినాక
కుర్చీ కిర్రుమంది.
లేవబోయింది,
లేవలేక కూర్చుంది.
"నలిపి వాసన చూడు."

అదే ఆకు, అవే చీలికలు.
వాసన మాత్రం
ఆయుధపూజ నాడు
బస్సుల మూతికి కట్టే దండలది.
చామంతి.
కార్తీకానికి మొగ్గ తొడగాల్సింది.

తిట్టు కోసం నిలబడ్డాను.
రాలేదు.
"మళ్లీ పాతిపెట్టు. మొదట్లో మన్ను నొక్కు.
తట్ట బోర్లించు, మూడు రోజులు
ఎండ చూపించమాక.
నన్ను కూర్చోబెట్టినారే, అట్నే."

పొద్దు వాలినాక చీపురు అందుకున్నాను.
"వాన వస్తా ఉంటే చిమ్మడం ఎందుకు,
అదే చిమ్మేస్తుంది గదా" అన్నాను.
"వాన చిమ్మదు.
అంతా ఒక మూలకి నెట్టి పోతుంది,
నీ మాదిరి."
చిమ్మాను.
పుల్లలు వసారాలోకి చేర్చాను.
తట్ట ఎగిరిపోకుండా దాని మీద
అరిగిన గేరు చక్రం పెట్టాను.
ఎప్పటికన్నా పనికొస్తుందంటే
ఎవరూ నమ్మలేదు.

రాత్రి పదకొండుకి కరెంటు పోయింది.
రేకుల మీద చినుకులు
ముందు విడివిడిగా,
తర్వాత లెక్క లేకుండా.
గోనెపట్టా కప్పుకోని, టార్చి పట్టుకోని
తూము దగ్గర వంగి చూశాను.

చీకట్లోంచి అడిగింది,
"మూడూ నిలబడ్డాయా?"
"రెండు."
"మూడోది?"
"ఆలోచిస్తా ఉంది" అన్నాను.